హోమోఫోబియా - భయమా? ద్వేషమా? (ఒక పద పరిశీలన)

ఉపోద్ఘాతం

మాటకు అర్థాన్ని నిర్ణయించడం నిఘంటుకారుని పని మాత్రమే కాదు. ఆ మాటను పలికే సమాజం బాధ్యత కూడ. ఒక వర్గాన్ని గాని, ఒక మనోభావాన్ని గాని ఏ పేరుతో పిలుస్తామో ఆ పేరే తరువాత మన ఆలోచనకు దారి చూపుతుంది. పేరు తప్పుదారి పట్టిస్తే, ఎంత సదుద్దేశంతో చేసిన విచారణ అయినా గమ్యం చేరదు. సాహిత్య విద్యార్థులకు శబ్దార్థ విచారం పరీక్షలో అడిగే ఒక ప్రశ్న మాత్రమే కాదనీ, అది నిత్యజీవితంలో న్యాయాన్యాయ విచక్షణకు కూడ సాధనమనీ చూపడానికి ఈ వ్యాసంలో ఒక్క పదాన్ని తీసుకొని పరిశీలించదలచాము.

ఆ పదం 'హోమోఫోబియా'. ఒకే లింగానికి చెందిన వ్యక్తుల నడుమ కలిగే అనురాగం పట్ల, అట్టి అనురాగం గల వ్యక్తుల పట్ల సమాజంలో కనిపించే వ్యతిరేకతకు ఆంగ్లంలో ఈ పేరు స్థిరపడింది. ఇప్పుడిది తెలుగు పత్రికలలోను యథాతథంగా కనిపిస్తున్నది. 'ఫోబియా' అనగా భయం. మరి ఈ వ్యతిరేకత నిజంగా భయమేనా? భయం కానిచో దానిని భయమని పిలువడం వలన మేలు ఎంత, కీడు ఎంత? ఇవే మన ముందున్న ప్రశ్నలు.

పరిభాష విషయంలో ఒక మాట. తెలుగు పత్రికలు సాధారణంగా 'స్వలింగ సంపర్కులు' అని వ్రాస్తాయి. 'సంపర్కం' అనే మాట ఒక చర్యను మాత్రమే సూచిస్తుంది. మనిషి స్వభావాన్ని, అతని హృదయంలోని ప్రేమను సూచించదు. అందువలన ఈ వ్యాసంలో 'స్వలింగానురాగం', 'స్వలింగానురాగులు' అనే మాటలను వాడుతున్నాము.

పదం పుట్టుక

ఈ పదానికి వయస్సు ఎక్కువ లేదు. 'హోమోసెక్సువల్' అనే మాటనే 1869లో కార్ల్ మరియా కెర్ట్బెనీ అనే రచయిత జర్మన్ భాషలో ప్రచురించిన కరపత్రాలలో మొదటిసారిగా అచ్చువేశాడు. అందులో ముందు భాగం గ్రీకు, వెనుక భాగం లాటిన్. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అది మిశ్రసమాసం వంటిది.

దాదాపు 100 సంవత్సరాల తరువాత, 1960 దశకంలో, జార్జ్ వైన్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 'హోమోఫోబియా' అనే మాటను కల్పించాడు. 1965లో ఒక ఉపన్యాసానికి సిద్ధపడుతూ ఉన్నప్పుడు ఆయనకు ఈ ఆలోచన కలిగింది. తన తోటి మానసిక చికిత్సకులు ఎంతో చదువుకొన్నవారై ఉండి కూడ, చికిత్సాలయం వెలుపల ఒక స్వలింగానురాగితో కలసి కూర్చోవలసి వస్తే ఎంతో ఇబ్బంది పడడం ఆయన గమనించాడు. ఆ ఇబ్బందిలో ఆయనకు భయలక్షణాలు కనిపించాయి. 1969లో ఈ మాట అచ్చులోకి వచ్చింది. 1972లో ఆయన గ్రంథం వెలువడిన తరువాత బహుళ ప్రచారం పొందింది.

అది ఎటువంటి కాలమో గుర్తుంచుకోవాలి. అప్పటికి అమెరికన్ మనోవైద్య సంఘం వారి రోగాల పట్టికలో స్వలింగానురాగం ఒక మానసిక రుగ్మతగా ఉన్నది. దానిని ఆ పట్టిక నుండి తొలగించాలని ఆ సంఘం నిర్ణయించినది 1973 డిసెంబరులో. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పట్టిక నుండి తొలగించినది 1990 మే 17న. అంటే వైన్‌బర్గ్ ఈ మాటను తలచిన నాటికి వైద్యుల దృష్టిలో రోగి స్వలింగానురాగి. వైన్‌బర్గ్ ఆ వేలిని వెనుకకు త్రిప్పాడు. "రోగం అతనిలో లేదు, అతనిని చూచి బెదిరే మనలో ఉన్నది" అన్నది ఆ మాటలోని అంతరార్థం. ప్రశ్న వేసే దిక్కునే మార్చివేసిన ఇట్టి పదాలు భాషలో అరుదు. ఈ పదం విలువను నిర్ణయించేటప్పుడు ఈ చారిత్రక సేవను మరువరాదు.

వ్యుత్పత్తిని బట్టి వచ్చే ఆక్షేపణ

కొందరు ఈ పదాన్ని వ్యుత్పత్తి బలంతోనే త్రోసిపుచ్చుతారు. గ్రీకులో 'హోమోస్' అనగా సమానమైనది. 'ఫోబోస్' అనగా భయం. రెండింటిని కలిపితే 'సమానమైన దాని భయం' అని మాత్రమే వస్తుంది. అది అర్థరహితమని వారి వాదం.

ఈ ఆక్షేపణ బలమైనది కాదని మా అభిప్రాయం. పదానికి అర్థం ధాతువులో ఒక్క చోటనే ఉండదు, వాడుకలో ఉంటుంది. అర్థ విపరిణామం చదివిన తెలుగు విద్యార్థికి ఇది క్రొత్త విషయం కాదు. ఒకప్పుడు పరిమళాన్ని చెప్పిన 'కంపు' నేడు దుర్వాసనను చెబుతున్నది. దైవసేవను చెప్పిన 'కైంకర్యం' పరుల సొమ్ము కాజేయడాన్ని కూడ చెబుతున్నది. వస్త్రమాత్రాన్ని చెప్పిన 'చీర' స్త్రీలు కట్టే వస్త్రానికి పరిమితమైంది. ఆంగ్లంలోను అంతే. నీటితో కలియని పదార్థాన్ని రసాయన శాస్త్రజ్ఞులు 'హైడ్రోఫోబిక్' అంటారు. నూనెకు నీటిని చూచి భయమని ఎవరూ అనుకోరు. కావున ధాతువు సరిపోలేదన్న ఒక్క కారణంతో పదాన్ని తప్పుపట్టలేము. ఆ పదం నేడు వినేవారిని పొరపాటు భావనకు నడిపిస్తున్నదా లేదా అన్నదే అసలు పరీక్ష. నూనె విషయంలో ఎవరూ పొరపడరు. మనుషుల విషయంలో పొరపడే అవకాశం ఉన్నది. అందుచేతనే విచారణ అవసరమైంది.

లక్షణ పరీక్ష

మానసిక శాస్త్రంలో 'ఫోబియా' అనే మాటకు నియతమైన లక్షణాలున్నాయి. ఎత్తైన చోట్లు, మూసిన గదులు, సాలెపురుగులు మొదలైన వాటిని చూచి కొందరికి కలిగే అదుపులేని భయాన్ని ఆ పేరుతో వ్యవహరిస్తారు. 1991లో డేవిడ్ హాగా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ లక్షణాలను 'హోమోఫోబియా' అని పిలువబడే దానితో పోల్చి చూచాడు. ఆ పోలికను మన మాటలలో ఇట్లు చెప్పుకొనవచ్చు.

మొదటిది: ఫోబియాలో ప్రధాన భావం భయం. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి కోపం, ఏవగింపు.

రెండవది: మూసిన గదిని చూచి భయపడేవాడు తన భయం అకారణమని తానే ఒప్పుకొంటాడు. స్వలింగానురాగులను నిందించేవాడు తన నింద సకారణమనే చెబుతాడు.

మూడవది: భయపడేవాడు ఆ వస్తువుకు దూరంగా తొలగిపోతాడు. ద్వేషించేవాడు తొలగిపోడు, వెదకి వెంటాడుతాడు.

నాలుగవది: భయపడేవాడు తన భయం వలన తానే బాధపడి దానిని వదిలించుకోవాలని కోరుతాడు. ద్వేషించేవానికి తన ద్వేషం బాధ కలిగించదు. బాధ ఎదుటివానికి కలుగుతుంది.

ఐదవది: సాలెపురుగులకు భయపడేవారు సంఘాలు కట్టి సాలెపురుగులకు వ్యతిరేకంగా చట్టాలు కోరరు. ఈ విషయంలో చట్టాలు, శిక్షలు, ఉద్యోగం నుండి తొలగింపులు ఉన్నాయి.

ఈ పోలికను చూచిన తరువాత, శాస్త్రార్థంలో ఇది ఫోబియా కాదని అంగీకరింపక తప్పదు.

అలంకార శాస్త్రం, వ్యాకరణం చెప్పేది

ఈ భేదాన్ని గ్రహించడానికి మన అలంకార శాస్త్రం మంచి సాధనాన్ని సమకూర్చి ఉన్నది. భరతుడు నాట్యశాస్త్రంలో 8 స్థాయీభావాలను చెప్పాడు. వాటిలో క్రోధం వేరు, భయం వేరు, జుగుప్స వేరు. క్రోధం రౌద్రరసంగా, భయం భయానకంగా, జుగుప్స బీభత్సంగా పరిణమిస్తాయి. వాటి అనుభావాలు కూడ వేరు. భయపడినవాడు వణకుతాడు, ముఖం వెలవెలబోతుంది, పారిపోతాడు. జుగుప్స కలిగినవాడు ముక్కు మూసుకొంటాడు, ముఖం త్రిప్పుకొంటాడు. క్రోధం కలిగినవాడు కన్నులెర్రజేసి మీదికి వస్తాడు. ఈ మూడింటిని ఒకే పేరుతో పిలిచే నటుడు రంగస్థలం మీద నిలువలేడు. విమర్శకుడు కూడ నిలువలేడు. అంతేకాదు, హాసం కూడ ఒక స్థాయీభావమే. తరగతి గదిలో మృదువుగా మాట్లాడే ఒక విద్యార్థికి మారుపేరు పెట్టి నలుగురు నవ్వినప్పుడు ఆ నవ్వులో భయం ఎక్కడున్నది? భయపడినవాడు నవ్వడు.

తెలుగు వ్యాకరణం కూడ ఇట్టి భేదాన్నే సూచిస్తున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో భయానికి, జుగుప్సకు కారణమైన దానికి 'వలన' అనే వర్ణకాన్ని విధించాడు. పాము వలన భయం, పాపం వలన జుగుప్స. రెండింటిలోను మనస్సు ఆ వస్తువు నుండి వెనుకకు మరలుతుంది. కోపం, ద్వేషం దగ్గరకు వచ్చేసరికి మన వాడుక మారుతుంది. వాని మీద కోపం, వాని పట్ల ద్వేషం అంటాము. ఇక్కడ మనస్సు ఎదుటివాని మీదికి పోతున్నది. వెనుకకు మరలే భావాన్ని, మీదికి పోయే భావాన్ని మన భాష ఒకే విభక్తిలో ఉంచలేదు. 'హోమోఫోబియా' అనే పదం ఈ రెండింటిని ఒకే చోట కట్టివేసింది. ఈ పదంలోని ప్రధానమైన లోపం ఇదే.

అయితే భయం ఎక్కడా లేదా? ఉన్నది, కాని అది మనం అనుకొన్న చోట లేదు. 1969లో ఈ మాట మొదట అచ్చయినప్పుడు, "నన్ను కూడ ఇతరులు అటువంటివాడని అనుకొంటారేమో" అని పురుషులు పడే భయాన్ని ఉద్దేశించి వాడారు. 1994లో మైకేల్ కిమ్మెల్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఈ భావాన్నే విస్తరించి, పురుషుడు నిజంగా భయపడేది తోటి పురుషుల తీర్పుకేనని వాదించాడు. దీనికి మన భాషలో చక్కని పేరున్నది - లోకాపవాద భీతి. కుమారుడు తన మనసులోని మాట చెప్పినప్పుడు తల్లిదండ్రుల గుండెలో పుట్టేది తరచుగా ఇదే. వారికి బిడ్డను చూచి భయం కాదు. నలుగురి నోటికి భయం. బిడ్డ మీద ప్రేమ, లోకం వలన భయం ఒకే హృదయంలో పెనుగులాడే ఆ తల్లిని, వీధిలో రాయి విసిరేవానిని ఒకే మాటతో పిలువడం సత్యానికి దూరమే కాక, ఆ తల్లికి అన్యాయం కూడ.

చట్టం, కార్యాలయం

పదం వ్యక్తి మనస్సును మాత్రమే చూపుతుంది. కాని వ్యతిరేకత అంతా మనస్సులోనే ఉండదు. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను చూద్దాము. 1860లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన ఆ చట్టం 1862లో అమలులోకి వచ్చింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో జరిపే వ్యవహారానికి ఆ సెక్షన్ వర్తించరాదని తీర్పు చెప్పింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ సెక్షన్‌ను ఆ మేరకు రద్దుచేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేనే లేదు.

ఒకటిన్నర శతాబ్దం పైగా ఈ చట్టం గ్రంథాలలో ఉండడానికి ఎవరి భయం కారణం? చట్టానికి గుండెదడ ఉండదు. దానిని అమలుపరచిన ఉద్యోగికి కూడ ఉండనవసరం లేదు. అతడు నిర్భయంగా, నిర్వికారంగా కాగితం మీద సంతకం చేసి ఉండవచ్చు.

మన ప్రాంతంలోను దీనికి దగ్గరి ఉదాహరణ ఉన్నది. నిజాం పాలనలో 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతంలో, హైదరాబాదు రాజ్యంలో హిజ్రాలను ఉద్దేశించి ఒక చట్టం వచ్చింది. వారి పేర్లను రిజిస్టరులో నమోదు చేయడానికి, స్త్రీవేషంలో బహిరంగ స్థలంలో కనిపిస్తే వారంటు లేకుండ అరెస్టు చేయడానికి అది అధికారమిచ్చింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. హిజ్రాల సమస్య స్వలింగానురాగుల సమస్య ఒకటి కాదు. కాని భయమనే మాట చాలని చోటు ఉన్నదని రెండు ఉదాహరణలూ చూపుతున్నాయి. రిజిస్టరును నడిపేది భయం కాదు, వ్యవస్థ.

విద్యాసంస్థలలో ఉన్న మనకు మరింత దగ్గరగా వచ్చే విషయం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో 2010లో జరిగింది. శ్రీనివాస రామచంద్ర సిరాస్ అక్కడ మరాఠీ ఆచార్యులు, కవి, ఆధునిక భారతీయ భాషల శాఖకు అధ్యక్షులు. తెలుగు కూడ బోధింపబడే శాఖ అది. 2010 ఫిబ్రవరి 8న కొందరు కెమెరాతో ఆయన నివాసంలో ప్రవేశించి, ఆయన మరొక పురుషునితో ఏకాంతంలో ఉండగా చిత్రించారు. మరునాడు విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండు చేసింది. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన తాను అద్దెకున్న గదిలో మరణించి కనిపించారు. ఉద్యోగ విరమణకు కొన్ని నెలలే ఉన్నది.

ఈ విషాదం ముందు మన పదాన్ని నిలిపి చూద్దాము. కెమెరా పట్టుకొని ఇంటిలోకి వచ్చినవారు భయపడినవారు కారు. భయపడినవాడు పరుల తలుపు తెరవడు. ఉత్తర్వు వ్రాసిన కార్యాలయం వణకుతూ వ్రాయలేదు. ఆ గదిలో భయమంటూ ఉంటే అది ఒక్క సిరాస్ గారిదే. బాధితుని అనుభవానికి చెందిన మాటను తెచ్చి బాధించినవారికి తగిలించినట్లయింది. ఇంతకు మించిన విపర్యయం భాషలో ఉండదు.

పదం వలన కలిగే చిక్కులు

పైన చెప్పిన లోపం పండితుల తర్కానికి మాత్రమే సంబంధించినదైతే ఇంత దూరం వ్రాయవలసిన పని లేదు. ఆచరణలో కూడ దాని వలన మూడు చిక్కులున్నాయి.

ఒకటి, భయం అన్న మాట నేరస్థునికి అండ కావచ్చు. భయపడినవానిని మనం శిక్షించము, జాలిపడతాము. అమెరికా న్యాయస్థానాలలో కొందరు నిందితులు, ఎదుటివాడు స్వలింగానురాగి అని తెలిసి కలవరపడి అదుపు తప్పామని వాదించి శిక్ష తగ్గించుకోవాలని ప్రయత్నించారు. 1998లో వయోమింగ్ రాష్ట్రంలో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని హత్య చేసిన కేసులో ఇట్టి వాదం తేబోగా న్యాయమూర్తి అనుమతించలేదు. 2014లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇట్టి వాదాన్ని చట్టరీత్యా నిషేధించింది.

రెండు, ఈ మాట సంభాషణను అర్ధాంతరంగా ఆపివేస్తుంది. ఒక ప్రవర్తన నిషిద్ధమని మతగ్రంథాలను బట్టి విశ్వసించే మనిషిని "నీకు ఫోబియా" అంటే, అతడు "నాకు భయం లేదు" అని జవాబిచ్చి లేచిపోతాడు. అతని జవాబు నిజమే కావచ్చు. అసలు అడుగవలసిన ప్రశ్న అడుగకనే మిగిలిపోతుంది: నీ విశ్వాసం నీ నడవడికి నియమమా, లేక పరుల ఇంటిలోకి తొంగి చూచే అధికారమా? పరుల గుట్టును వెదకడాన్ని ఖురాన్ స్పష్టంగా నిషేధించిందని మన విద్యార్థులకు తెలిసినదే. విశ్వాసం వేరు, అవమానించడం వేరు. మొదటిదానితో వాదించవచ్చు, రెండవదానిని ఆపాలి. రెండింటికి ఒకే పేరు పెడితే ఈ పని జరుగదు.

మూడు, రోగం వ్యక్తిది అయినప్పుడు బాధ్యత వైద్యునిది అవుతుంది. వివక్ష సమాజానిది అయినప్పుడే బాధ్యత మనందరిదీ అవుతుంది.

పదం పక్షాన చెప్పదగినది

ఇంత చెప్పిన తరువాత రెండవ పక్షాన్ని కూడ న్యాయంగా వినిపించాలి. వైన్‌బర్గ్ తన పదాన్ని కడవరకు విడువలేదు. 2012లో కూడ ఆయన దానిని సమర్థిస్తూ, దీనిని మానసిక రుగ్మతల పట్టికలోనే చేర్చాలని వాదించాడు. పరిశోధనలు కూడ ఆయనకు కొంత బలమిస్తాయి. ఎత్తును చూచి భయపడేవానిని క్రమక్రమంగా ఎత్తుకు అలవాటు చేసి భయం పోగొడతారు. అదే విధంగా, భిన్న వర్గాలవారు ఒకరితో ఒకరు కలసి మెలసి ఉంటే దురభిప్రాయం తగ్గుతుందని 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ ప్రతిపాదించాడు. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు 515 అధ్యయనాలను క్రోడీకరించి ఈ ప్రతిపాదన సాధారణంగా నిజమేనని చూపారు. స్వలింగానురాగుల పట్ల వైఖరికి కూడ ఇది వర్తించింది. పరిచయంతో తగ్గేది కొంతవరకైనా అపరిచయ భీతియే కదా అని ఎవరైనా అడిగితే, కాదనలేము.

అంతకన్న ముఖ్యమైనది, పేరు లేని బాధను ఎవరూ లెక్కింపరు. తమకు జరుగుతున్నది అన్యాయమని చెప్పడానికి ఒక వర్గానికి ఈ మాట నోరు ఇచ్చింది. దీని బదులు మరొకటి చూపకుండ దీనిని లాగివేస్తే, ఆ నోరు నొక్కినవారమే అవుతాము.

రెండు పదాలు - ఒకే తూకం

ఈ విచారంలో మన కళాశాల పాఠకులకు ప్రత్యేకంగా ఆలోచింపవలసిన అంశం ఒకటున్నది. 'ఇస్లామోఫోబియా' అనే మాటను మనం తరచుగా వింటాము, వాడతాము. బ్రిటన్‌లో రన్నీమీడ్ ట్రస్ట్ 1997లో వెలువరించిన నివేదికతో ఆ పదం విస్తృత ప్రచారం పొందింది. 2022లో ఐక్యరాజ్య సమితి మార్చి 15ను దానికి వ్యతిరేక దినంగా ప్రకటించింది. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు పేరు విని తలుపు మూసేవారి మనస్సులో ఉన్నది కూడ ఎల్లప్పుడు భయం కాదు. అయినా ఆ పదం మన బాధకు పేరు పెట్టింది.

2012లో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ తన విలేఖరులకు, రాజకీయ సామాజిక సందర్భాలలో 'ఫోబియా' చేర్చిన మాటలు వాడరాదని సూచించింది. ఉదాహరణలుగా పేర్కొన్నవి ఈ రెండు మాటలే. 2017లో 'హోమోఫోబియా' విషయంలో ఆ నియమాన్ని సడలించి, స్థూలమైన అర్థంలో వాడవచ్చునన్నది. ఒక పదంలో దోషం చూపినవారు రెండవ దానిలోను చూపాలి. ఒకదానిని సమర్థించినవారు రెండవ దానిని వ్యుత్పత్తి సాకుతో త్రోసివేయరాదు. తనకు ఒక తూకం, పరులకు ఒక తూకం పెట్టేవాడు వర్తకుడైనా, పండితుడైనా గర్హనీయుడే.

తగిన పదాలు

పండితులు ప్రత్యామ్నాయ పదాలను వెదకకపోలేదు. 1980లో హడ్సన్, రికెట్స్ అనే పరిశోధకులు సమస్త వ్యతిరేకతకు 'హోమోనెగటివిజం' అనే విస్తృత పదాన్ని ప్రతిపాదించి, 'హోమోఫోబియా'ను భయాది ఉద్వేగాలకు పరిమితం చేయాలన్నారు. గ్రెగరీ హెరెక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విషయాన్ని మూడు అంతస్తులుగా విభజించాడు: సమాజమంతటా వ్యాపించి ఉన్న కళంక భావన ఒకటి, ఆ భావనను నిలబెట్టే సంస్థలు, సిద్ధాంతాలు రెండవది, వ్యక్తి మనస్సులోని దురభిప్రాయం మూడవది. మాకు ఈ విభజన సమంజసంగా తోస్తున్నది.

తెలుగులో దీనిని 'స్వలింగ భీతి' అని అనువదిస్తే ఆంగ్లంలోని దోషం రెట్టింపు అవుతుంది. ఆంగ్లంలో 'ఫోబియా' అనేది పరభాషా శబ్దం కనుక కొంత మరుగున ఉంటుంది. తెలుగులో 'భీతి' సూటిగా వినిపిస్తుంది. మన భాషలో పదసంపదకు కొరత లేదు. మనస్సులో ముందే పేరుకొన్న తప్పు అభిప్రాయానికి దురభిప్రాయం, ముఖం త్రిప్పుకొనే భావానికి ఏవగింపు, మీదికి పోయే భావానికి ద్వేషం, ఉద్యోగంలో, ఇంటి అద్దెలో, చట్టంలో చూపే తేడాకు వివక్ష, నలుగురి మాటకు జంకడానికి లోకాపవాద భీతి - ఇన్ని పేర్లున్నాయి. ఉర్దూ విద్యార్థులకు కూడ ఈ భేదం సుపరిచితమే. 'ఖౌఫ్' వేరు, 'నఫ్రత్' వేరు, 'తఅస్సుబ్' వేరు. నఫ్రత్‌ను ఖౌఫ్ అని వ్రాస్తే ఏ ఉర్దూ ఉపాధ్యాయుడు అంగీకరింపడు.

ఉపసంహారం

ఈ పరిశీలన సారాంశం ఇది. 'హోమోఫోబియా' అనే పదం చరిత్రలో గొప్ప పని చేసింది. నిందితుని స్థానంలో ఉన్నవానిని లేపి, నిందించేవానిని ప్రశ్నించింది. ప్రచారంలో ఉన్న పేరుగా దానిని వాడడంలో తప్పు లేదు. కాని వర్ణనగా, శాస్త్రీయ నిర్వచనంగా అది సరియైనది కాదు. భయం కాని దానిని భయమంటుంది. వ్యవస్థలో ఉన్న దానిని వ్యక్తిలో ఉన్నట్లు చూపుతుంది. బాధించేవానిని రోగిగా మారుస్తుంది. కావున వార్తలో ఆ మాట కనిపించినప్పుడు విద్యార్థి ఒక్క క్షణం ఆగి, ఇక్కడ ఉన్నది భయమా, ఏవగింపా, ద్వేషమా, చట్టమా, లేక కేవలం నలుగురితో కలసి నవ్విన నవ్వా అని ప్రశ్నించుకోవాలి. ఏది ఉంటే దానిని దాని పేరుతోనే పిలువాలి.

పదం సరియైనది కాదని తేల్చినంత మాత్రాన అది చూపిన అన్యాయం లేనిది కాదు. రోగానికి వైద్యుడు పెట్టిన పేరు తప్పైతే రోగి ఆరోగ్యవంతుడు కాడు. చికిత్స మారుతుంది, అంతే. భయానికి చికిత్స ధైర్యం. దురభిప్రాయానికి చికిత్స పరిచయం, విద్య. వివక్షకు చికిత్స న్యాయం. పరిహాసానికి చికిత్స, ఆ నవ్వులో మనం పాలుపంచుకొనకపోవడం. మన తరగతులలో కూడ తన మనస్సులోని మాట ఎవరికీ చెప్పలేక మౌనంగా కూర్చున్న విద్యార్థి ఒకరు ఉండవచ్చు. అతనికి మన నిఘంటు చర్చతో పని లేదు. ప్రక్క బల్లపై కూర్చున్నవాడు తనను తోటి మనిషిగా చూస్తాడా లేదా అన్నదే అతనికి కావలసినది. ఆ చూపును నేర్పలేని విద్య, ఎన్ని పదాలకు వ్యుత్పత్తి చెప్పినా, అసంపూర్ణమే.